నేతి గిన్నె అడుగున ఏముంది: ఒక కథకు చూపు వెతికిన పని డైరీ

దశ 0: సరుకు, పనిముట్లు

కథ చిన్నది. పెళ్లి భోజనాల బంతిలో పెళ్లికూతురి మేనత్త భర్త సూర్యనారాయణ పప్పన్నంలో నెయ్యి పడగానే విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోతాడు. ఇంటి అల్లుడు అన్నం ముందు నుంచి లేవడం ఎంత మాటవుతుందో చెప్పనక్కరలేదు. కారణం నెయ్యి కాదు, నెయ్యి తెచ్చిన వెండి గిన్నె. అది అతని తల్లి సూరమ్మది. చాలా ఏళ్ల కిందట పెళ్లికూతురి తండ్రి రామ్మూర్తి దగ్గర తాకట్టు పెట్టారు. అప్పు తీర్చి విడిపించుకోబోతే "ఎప్పుడో కరిగించేశాం" అన్న జవాబు వచ్చింది. ఇప్పుడు అదే గిన్నె, అడుగున పేరుతో సహా, అతని విస్తరి దగ్గరికి వచ్చింది.

ఈ కారణాన్ని నేను చెప్పకూడదు, చదివేవాళ్లు తామే పట్టుకోవాలి. అందుకు కథను ఎవరి కళ్లతో చూపించాలి? పని ఇంతే. ఇలాంటి కథ చేతిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని, చెడిపోయిన రూపాలతో సహా రాసి పెడుతున్నాను.

కావలసినవి:

1. గళ్ల కాగితం, కొలత టేపు. పందిరి పటం గీసుకోవడానికి.
2. మూడు రంగుల పెన్సిళ్లు. కంటికి, చెవికి, చేతికి అందే సంగతి చెప్పే వాక్యానికి ఎరుపు. ఒకరి మనసులోని మాటకు నీలం. కథకుడు కల్పించుకుని ఇచ్చే వివరణకు ఆకుపచ్చ.
3. చదివిపెట్టేవాళ్లు, ఒక్కో రూపానికి ముగ్గురు కొత్తవాళ్లు. గిన్నె సంగతి ఒకసారి తెలిసినవాళ్లు రెండో రూపానికి పనికిరారు.
4. చదివాక అడిగేవి మూడు. అతను ఎందుకు లేచాడు? ఏ వాక్యం దగ్గర మీకు తట్టింది? పందిరి బొమ్మ గీయగలరా?

ముగ్గురి జవాబులతో సిద్ధాంతాలు కట్టలేం. కథ ఎక్కడ కుంటుతోందో తెలుసుకోవడానికి చాలు.

దశ 1: అన్నీ తెలిసిన కథకుడు

మొదటి రూపంలో కథకుడికి అందరి మనసులూ తెలుసు. 1,840 మాటలు వచ్చింది. రంగులు వేస్తే 148 వాక్యాల్లో ఎరుపు 51, నీలం 38, ఆకుపచ్చ 59. సూర్యనారాయణ లేవడానికి ముందే 790 మాటలు అయిపోయాయి. తాకట్టు, వడ్డీ, సూరమ్మ జబ్బు, అన్నదమ్ముల పంపకాలు, అన్నీ అందులోనే ఉన్నాయి.

ముగ్గురూ కారణం సరిగ్గానే చెప్పారు, దాదాపు నా మాటల్లోనే చెప్పారు. తిరిగి అప్పజెప్పినట్టు ఉంది. బొమ్మలు మరీ పేలవంగా వచ్చాయి. పందిరిని నేను 90 మాటలు పెట్టి వర్ణించాను. మామిడి తోరణం, అద్దెకు తెచ్చిన కుర్చీలు, వాటి రంగు, ఏదీ వదలలేదు. కాగితం మీద మాత్రం నాలుగు గుంజలు, పైన ఒక గీత. వర్ణన ఎక్కువైన చోట గీసేవాళ్లకు పని మిగలలేదనుకున్నాను మొదట. అది సగమే నిజం. అసలు ఇబ్బంది, ఆ పందిరిని చూస్తున్నది ఎవరో, ఎక్కడ నిలబడి చూస్తున్నారో ఏ వాక్యమూ చెప్పడం లేదు. తోరణం పక్కనే వంటశాల, వెంటనే రామ్మూర్తి పడకగది. చూసే కంటికి చోటు లేకపోతే చూడబడే వస్తువుకూ చోటు ఉండదు.

మార్చింది: ఈ రూపాన్ని కథగా పక్కన పెట్టి, దస్తావేజుగా ఉంచుకున్నాను. జరిగిందంతా నిజంగా ఏమిటో ఇందులో ఉంది. ఆ తర్వాతి రూపాలన్నిటిలో ఎవరికి ఏది తెలుసో దీనితో సరిచూసుకున్నాను.

రాసిన మాటలు 1,840. మొత్తం 1,840.

దశ 2: లేచినవాడి నోటితో

'నేను' అని సూర్యనారాయణ చేతే చెప్పించాను. 1,310 మాటలు. భాష ఒక్కసారిగా బిగిసింది, వర్ణన దానంతట అదే తగ్గింది. కానీ అతనికి గిన్నె చూసిన క్షణం నుంచీ కారణం తెలుసు. చదివేవాళ్లకు చివరి పేరా దాకా తెలియకూడదని నేను దాచాను. "ఎందుకు లేచానో నాకే తెలుసు" లాంటి వాక్యాలతో నెట్టుకొచ్చాను. చదివిన ముగ్గురికీ చిరాకు కలిగింది. ఒకరు కాగితం అంచున "చెప్పదలచుకుంటే చెప్పండి, లేకపోతే మానండి" అని రాసి ఇచ్చారు.

దీనికి మందు గురజాడ 'దిద్దుబాటు'లో ఉంది. 1910 నాటి ఆ కథ గోపాలరావు వెనకే నడుస్తుంది. భార్య కమలిని ఇంట్లో లేదని అతను నమ్ముతాడు, మనమూ నమ్ముతాం. మంచం కింద నుంచి నవ్వు వినిపించేదాకా ఆమె అక్కడ ఉన్నట్టు అతనికీ తెలియదు, మనకూ తెలియదు. అక్కడ కథకుడు గోపాలరావుకు తెలిసినదేదీ మన దగ్గర దాచలేదు, అతనికి తెలియనిది చెప్పలేదు, అంతే. నా సూర్యనారాయణ తనకు తెలిసినదాన్నే నొక్కిపెడుతున్నాడు. మొదటిది చదివేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుంటుంది, రెండోది వాళ్లతో దాగుడుమూతలు ఆడుతుంది.

సరిచేయడానికి ఒక ప్రయత్నం: కారణాన్ని మొదటి పేరాలోనే చెప్పించాను. చిరాకు పోయింది, దానితో పాటు కథా పోయింది. మిగిలింది ఒక ఫిర్యాదు. అతని పక్షాన న్యాయం ఉంది, నిజమే. కానీ న్యాయం తనదేనని తెలిసినవాడు 1,310 మాటలు మాట్లాడితే వినేవాడికి రామ్మూర్తి మీద జాలి వేయడం మొదలవుతుంది.

రాసిన మాటలు 1,310. మొత్తం 3,150.

దశ 3: ఎవరి మనసులోకీ వెళ్లకుండా

ఈసారి నీలం, ఆకుపచ్చ రెండూ నిషేధం. కనిపించేది, వినిపించేది మాత్రమే. 720 మాటలు.

తెలుగులో ఇది అనుకున్నంత సులువు కాదు. బయటి నుంచి చూసే నిర్లిప్తమైన కన్ను అనుకుంటాం కానీ, మన క్రియాపదం దాన్ని నిర్లిప్తంగా ఉండనివ్వదు. ఈ మూడు వాక్యాలు చూడండి.

సూర్యనారాయణ లేచాడు.
సూర్యనారాయణగారు లేచారు.
బావగారు లేచారు.

మూడూ ఒకే కదలిక. మొదటిది చెబుతున్నది అతనికి ఏమీ కానివాడు, లేదా పెద్దవాడు. రెండోది పొరుగువాడు. మూడోది రామ్మూర్తి వైపు మనిషి. గౌరవం, వరుస రెండూ క్రియ చివర, పేరు పక్కన అంటుకునే ఉంటాయి కాబట్టి, కథకుడు ఏదో ఒక వైపు నిలబడక తప్పదు. వచ్చాడు, వెళ్లాడు అన్నవీ అంతే. "కుర్రవాడు నెయ్యి తీసుకువచ్చాడు" అంటే చూపు బంతిలో కూర్చుని ఉంది. "తీసుకువెళ్లాడు" అంటే వంటశాల గుమ్మంలో ఉంది. నా రూపంలో ఈ రెండూ కలగాపులగంగా ఉన్నాయి. అందుకే ఈ జల్లెడ తయారైంది. ఏ రూపానికైనా పనికొస్తుంది:

1. ఆడు, ఆరు అంతాలున్న క్రియలన్నిటి కింద గీత గీయండి. ఒకే మనిషికి రెండు రకాలు పడితే ఆగి చూడండి.
2. రావడం, వెళ్లడం, తేవడం, తీసుకువెళ్లడం ఉన్న ప్రతి వాక్యానికీ చూపు నిలబడిన చోటును పటం మీద గుర్తు పెట్టండి. గుర్తులు గంతులు వేస్తుంటే చూపు కుదరలేదు.
3. 'తను', 'తనకు' ఉన్న చోట అది ఎవరి మనసో అడగండి. ఈ చిన్న మాట గుట్టుగా ఒకరి తలలోకి తీసుకుపోతుంది.
4. 'అట' చేరిన క్రియలు విడిగా రాసుకోండి. అవి విన్న సంగతులు. చూసినవాడి నోట అవి రాకూడదు, విన్నవాడి నోట అవి లేకుండా ఉండకూడదు.

జల్లెడ పట్టినా ఈ రూపం బతకలేదు. ఎందుకు లేచాడంటే ఒకరు నెయ్యి ముక్కిందన్నారు, ఒకరు మధుమేహం అన్నారు, మూడో మనిషి కడుపు గడబిడ అన్నారు. ఊహకు చోటు ఇచ్చానని మురిసిపోవడానికి వీల్లేదు. ఏ దారీ చూపించకుండా ఖాళీ స్థలం ఇస్తే ఎవరికి తోచింది వాళ్లు పడేస్తారు, అంతే.

అమెరికన్ రచయిత హెమింగ్వే 1932లో చెప్పిన మంచుకొండ పోలికను మన దగ్గరా చాలామంది తిప్పి చెబుతుంటారు, ఎనిమిదో వంతే నీటిపైన కనిపించాలని. దాని పక్కనే ఆయన చెప్పిన షరతును మాత్రం వదిలేస్తారు. రచయితకు బాగా తెలిసి వదిలేసిందే చదివేవాళ్లకు అందుతుంది, తెలియక వదిలేస్తే అక్కడ బొక్క పడుతుంది. తాకట్టు సంగతి నాకు తెలుసు, దస్తావేజులో ఉంది. కానీ వెండి గిన్నె ఆ 720 మాటల్లో ఒక్కసారే, అదీ పప్పు, నెయ్యి, ఆవకాయల మధ్య ఒక మాటగా వచ్చింది. మునిగి ఉన్నదానికి నీటిపైన గుర్తు లేదు.

రాసిన మాటలు 720. మొత్తం 3,870.

దశ 3క: అందరి వాంగ్మూలాలు (మధ్యలో ఆపేసింది)

పెళ్లికూతురి తండ్రి, మేనత్త, వంటమనిషి తలొక పేజీ చెబితే ఎలా ఉంటుందని చూశాను. జపాన్ రచయిత అకుతగావా 1922లో ఒక హత్యను ఏడుగురి వాంగ్మూలాలతో చెప్పాడు. అక్కడ ఒకరి మాట ఇంకొకరి మాటను కొట్టేస్తుంది, అందుకే ఏడుగురూ అవసరమయ్యారు. నా ముగ్గురూ ఒకదాన్నే మూడుసార్లు చెబుతున్నారు. కొట్లాట లేని సాక్ష్యాలు ఎన్ని ఉన్నా ఒకటే. 640 మాటల దగ్గర ఆపేశాను.

మొత్తం 4,510.

దశ 4: కొలత టేపు తీశాక

ఇక్కడ రాయడం ఆపి పటం గీశాను. అప్పటిదాకా నా పెళ్లి భోజనం బల్లల మీద. గిన్నె అడుగున ఉన్న పేరు సూర్యనారాయణకు ఎలా కనిపించింది? ఇంట్లో కుర్చీ, గిన్నె పెట్టుకుని కొలిచాను.

1. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి కన్ను నేల నుంచి సుమారు 118 సెంటీమీటర్లు.
2. పన్నెండేళ్ల పిల్లవాడు నిలబడి, మోచెయ్యి మడిచి పట్టుకున్న గిన్నె అడుగు సుమారు 90.
3. అంటే బల్ల దగ్గర కూర్చున్న మనిషికి గిన్నెలోని నెయ్యి కనిపిస్తుంది, అడుగు కనిపించదు.
4. బాసీపట్టు వేసుకుని నేల మీద కూర్చుంటే కన్ను సుమారు 76. అప్పుడు గిన్నె అడుగు కంటికి పైన ఉంటుంది.
5. వడ్డించడానికి వంగితే గిన్నె 45కు దిగుతుంది. అడుగు మళ్లీ కనిపించదు.

కాబట్టి సూర్యనారాయణకు పేరు కనిపించే వ్యవధి ఒక్కటే. కుర్రవాడు అతని ముందుకు వచ్చి నిలబడిన తర్వాత, వంగడానికి ముందు. మూడు రూపాల్లోనూ "నెయ్యి పడగానే చూశాడు" అని రాశాను, అది జరగదు. చూసేశాడు, చూస్తుండగానే నెయ్యి పడింది.

ఈ ఒక్క కొలత వల్ల మారినవి: బల్లలు పోయి నేలబంతి వచ్చింది. నేలబంతి కోసం కథ ఇంటి ముందు కొబ్బరాకుల పందిరిలో, కొన్ని దశాబ్దాల వెనక్కి వెళ్లింది. అద్దె కుర్చీల వర్ణన దానంతట అదే రాలిపోయింది.

ఇంకొకటీ బయటపడింది. ఆ గిన్నెను అరచేతిలో పట్టుకున్న కుర్రవాడికి అడుగున ఉన్న అక్షరాలు కనిపించవు. వేళ్లకు తగులుతాయి. బంతిలో ఒకరు చూసేది, ఒకరు తాకేది ఒకే పేరు. ఇద్దరికీ చెరి సగం తెలుసు. రెండు సగాలూ అందేది చదివేవాళ్లకు మాత్రమే. ఎవరి కళ్లతో అన్న ప్రశ్నను నేను కళ్ల దగ్గరే ఆపేశాను. వేళ్లు తట్టలేదు.

దశ 5: నేతి గిన్నె పట్టుకున్న పిల్లవాడు

పిల్లవాడు రామ్మూర్తి తమ్ముడి కొడుకు. రామ్మూర్తి అతనికి పెదనాన్న, సూర్యనారాయణ మావయ్య. పెద్దయ్యాక తలచుకుని 'నేను' అని చెబుతున్నాడు. 1,120 మాటలు.

మొదటి చిక్కు నోటిది. చూస్తున్నది పన్నెండేళ్లవాడు, మాట్లాడుతున్నది యాభై ఏళ్లవాడు. ఎవరు చూస్తున్నారు, ఎవరు చెబుతున్నారు అన్నవి రెండు వేరు ప్రశ్నలని ఫ్రెంచ్ సాహిత్య విమర్శకుడు జెరార్ జెనెత్ 1972లో విడదీసి చూపించాడు. కాగితం మీద విడదీయడం తేలిక. నా వాక్యం ఇలా వచ్చింది: "తరతరాల అవమానాన్ని ఆ వెండి గిన్నె మోస్తోందని అప్పుడు నాకు తెలియదు." తెలియదంటూనే చెప్పేస్తున్నాడు యాభై ఏళ్లవాడు. 'అప్పుడు నాకు తెలియదు', 'తర్వాత అర్థమైంది' ఉన్న వాక్యాలన్నీ ఏరి తీసేశాను. పెద్దవాడికి భాష మాత్రం ఇచ్చాను, తెలివి ఇవ్వలేదు.

రెండోది క్రియల అంతాలు. దశ 3 జల్లెడ పడితే మావయ్యకు ఒకచోట 'లేచాడు', ఇంకోచోట 'లేచారు' దొరికాయి. ఇప్పుడు మావయ్య ఎప్పుడూ 'అన్నాడు', పెదనాన్న ఎప్పుడూ 'అన్నారు'. పిల్లవాడికి ఎవరి దగ్గర చనువో, ఎవరంటే భయమో చెప్పే వాక్యం ఒక్కటీ అవసరం కాలేదు. ఆ రెండు అంతాలే చూసుకున్నాయి.

మూడోది ఆనవాళ్ల ఎడం. తాకట్టు అనే మాట కథలో ఎక్కడా లేదు. దాని బదులు మూడు ఆనవాళ్లు:

1. పొద్దున్న స్టోరు గదిలో పెద్దమ్మ "ఇవాళ ఆ గిన్నె తీయడం ఎందుకండీ?" అంటుంది. పెదనాన్న "మగపెళ్లివారికి స్టీలు గిన్నెతో నెయ్యి వేయిస్తావా?" అంటారు.
2. మావయ్య వాళ్ల ఇంటిని ఊళ్లో ఇప్పటికీ సూరమ్మగారి ఇల్లు అనే అంటారు.
3. గిన్నె అడుగున వేళ్లకు గరుకుగా తగులుతుంది. పిల్లవాడు బొటనవేలితో దిద్దుకుంటాడు. మొదటి అక్షరానికి కొమ్ము, ఆ కొమ్ముకు పొడుగు తోక.

మొదట రెండో ఆనవాలుకూ మావయ్య లేవడానికీ మధ్య 30 మాటలే ఉన్నాయి. ముగ్గురూ ఇట్టే చెప్పేశారు, పొడుపుకథ విప్పినట్టు. ఆనందం ఏమీ కనిపించలేదు. ఇంటి పేరును వెనక్కి జరిపి, పిల్లవాడు ఆ ఇంటికి పసుపు కొమ్ములు ఇచ్చిరావడానికి వెళ్లే సందర్భంలో కలిపేశాను. ఇప్పుడు ఆనవాళ్లు 140, 310, 560 మాటల దగ్గర ఉన్నాయి, మావయ్య లేవడం 640 దగ్గర. రెండోది వచ్చేటప్పుడు అది ఆనవాలని ఎవరికీ అనుమానం రాదు.

మలుపు దగ్గరి వాక్యాలు ముందు ఇలా ఉన్నాయి:

"గిన్నె చూడగానే మావయ్య ముఖం పాలిపోయింది. అవమానంతో పెదవులు వణికాయి. విసురుగా లేచి వెళ్లిపోయాడు."

ఇప్పుడు:

"మావయ్య అన్నం మధ్యలో గుంట చేసుకుని ఆగాడు. నా ముఖంలోకి చూస్తాడనుకున్నాను. నా చేతి కిందికి చూశాడు. నేను వంగి నెయ్యి వేశాను. గుంట నిండి పప్పులోకి జారింది. చాలు అనలేదు."

అవమానం అన్న మాట తీసేయడానికి చాలా తటపటాయించాను. తీసేశాకే "చాలు అనలేదు" పనిచేయడం మొదలుపెట్టింది. బంతిలో నెయ్యి వేసేటప్పుడు చాలు అనడం మనకు అసంకల్పితం; అది లేకపోతే ఏదో జరిగిందని తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

రాసిన మాటలు 1,120. మొత్తం 5,630.

దశ 6: కోత, మళ్లీ కొలత

245 మాటలు పోయాయి, 85 కొత్తగా చేరాయి. కథ 960 మాటల దగ్గర ఆగింది. 104 వాక్యాల్లో ఎరుపు 83, నీలం 17, ఆకుపచ్చ 4. నీలం మొత్తం పిల్లవాడిదే.

కొత్త ముగ్గురికి ఇచ్చాను. ఇద్దరు "నా చేతి కిందికి చూశాడు" దగ్గర తట్టిందన్నారు. ఒకరు వెంటనే వెనక్కి తిప్పి స్టోరు గది మాటలు మళ్లీ చదివారు, నేను అడగకుండానే. మూడో మనిషి తాకట్టు దాకా వెళ్లలేదు. రామ్మూర్తి ఆ గిన్నెను ఎప్పుడో కాజేశాడని తేల్చారు. సరిదిద్దాలా అని ఆలోచించాను. పిల్లవాడికి తెలిసినంతలో అదీ కుదురుతుంది, సూర్యనారాయణ మనసులో మాట కూడా దానికి పెద్ద దూరం లేదు. అలాగే వదిలేశాను. మధుమేహం మాత్రం ఎవరూ అనలేదు.

బొమ్మల్లో తేడా ఎక్కువగా కనిపించింది. పందిరి గురించి కథలో మిగిలింది కొబ్బరాకుల సందుల్లోంచి విస్తళ్ల మీద పడే ఎండ ముక్కలు, అంతే. ముగ్గురిలో ఇద్దరు ముఖాలు గీయనే లేదు. విస్తళ్లు, చేతులు, మోకాళ్లు గీశారు, నిలబడి కిందికి చూస్తే కనిపించేంత మేర. ఒకరు నీళ్ల గ్లాసులు, ఆకు కింద తడి నేల కూడా వేశారు. కథలో గ్లాసు లేదు, తడీ లేదు.

కాపీ చేసుకునేవాళ్లకు వరుస:

1. ముందు అన్నీ తెలిసిన రూపం రాసి దస్తావేజుగా దాచుకోండి. దాన్ని ఎవరికీ చూపించనక్కరలేదు.
2. పటం గీసి, మలుపు దగ్గర ఎవరికి ఏది కనిపిస్తుంది, వినిపిస్తుంది, తగులుతుంది అని మనిషికో గడి నింపండి.
3. కీలకమైన సంగతి పూర్తిగా తెలిసినవాడినీ, అసలు తెలియనివాడినీ పక్కన పెట్టండి. సగం చేతికి తగిలినవాడిని తీసుకోండి.
4. జల్లెడ పట్టండి.
5. ఆనవాళ్ల మధ్య మాటలు లెక్కపెట్టండి. మలుపుకు దగ్గరగా ఉన్నదాన్ని వేరే పనిలో కలిపి వెనక్కి జరపండి.

రాసింది మొత్తం 5,715 మాటలు, కథలో ఉన్నవి 960.

మిగిలిన పని: ఆకుపచ్చ వాక్యాలు నాలుగింటిలో రెండు ఇంకా గుచ్చుకుంటున్నాయి. రెండూ పెద్దమ్మ గురించినవే. ఆవిడ ఆడవాళ్ల బంతి వైపు వడ్డనలో ఉంది, పటం ప్రకారం పిల్లవాడికి ఆవిడ కనిపించదు. ఆవిడ ముఖం ఎలా మారిందో అతని చేత చెప్పించలేను. ఆవిడను వంటశాల గుమ్మం దగ్గరికి, పటం మీద రెండు గళ్లు ఇటు జరిపితే చేతిలోని గరిటె వరకు కనిపిస్తుంది. ముందు అది జరిపి చూస్తాను.